నిచ్చెన మొదలు పట్టుకున్నవాళ్లు

"నిచ్చెన మీద కాలెట్టినావంటే, ఆ కాలుతో మళ్లీ నా వంటింట్లోకి రాకు" అన్నాను.

"వంటిల్లు నీదే అత్తా, కుండలూ నీవే. కాలు మట్టుకు నాది" అంది మా కోడలు.

"నీదే. పైనుంచి పడితే ఇరిగేది నీ నడుం. నీ పిల్లల్ని సాకాల్సింది మట్టుకు నాను."

"పడకూడదనే కదా అడుగుతున్నాను. రేపు పొద్దున్న వచ్చి మొదలు పట్టుకో."

"నాను పట్టుకోను."

"నువ్వు కాపోతే ఇంకెవులు పట్టుకుంతారు? మొగోలు పట్టుకుంతే ఊరు నవ్వుద్ది. ఆడోల్ని అడిగితే ఒక్కులూ రారు. ఆలకి దేవుడంటే బయం లేదు, నువ్వంటే బయం."

మిరియాల కోత మొదలవబోయే రోజుల్లో, పొద్దు గూకే వేళ, మా వాకిట్లో జరిగిన కొట్లాట ఇది. నేను అంబలి కోసం చేటలో చోళ్లు చెరుగుతున్నాను. కోడలు గుంజకు ఆనుకుని నిలబడింది. మా అబ్బాయి అరుగు చివర కూర్చుని, పదునుగానే ఉన్న కత్తిని మళ్లీ రాయి మీద నూరుతున్నాడు. మా ఇంట్లో సగం మాటలు ఆదివాసీ ఒడియాలో నడుస్తాయి, సగం తెలుగులో. పిల్లల్ని ముద్దు చేసేటప్పుడు ఒడియా, కొట్లాడుకునేటప్పుడు తెలుగు. కోడలిది పాచిపెంట వైపు కొండ. దాని తెలుగు నా తెలుగుకన్నా పదును. ఆ సంగతి దానికీ తెలుసు.

నేను చదువుకున్నది కొంచెమే. మాస్టారు కొండెక్కి వచ్చిన రోజుల్లో బడికి వెళ్లాను, రాని రోజుల్లో మేకల వెంట వెళ్లాను. నేర్చుకున్న నాలుగు అక్షరాలను మాత్రం పోగొట్టుకోలేదు. సంతలో ఉప్పు చుట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా చదివాకే పొయ్యిలో పెడతాను. ఏదీ ఉత్తినే పారేయడం నాకు నచ్చదు. ఆ రోజు జరిగిందాన్ని కూడా అందుకే రాసి పెడుతున్నాను.

ముందు మా నిచ్చెన సంగతి చెప్పాలి. కింది ఊళ్లలో నిచ్చెనంటే రెండు కర్రలూ, మధ్యన మెట్లూ. మాది ఒంటి వెదురు. కణుపు దగ్గర పుట్టిన కొమ్మను మొత్తం నరికేయకుండా, పాదం ఆనేంత మొండి ఉంచుతారు. ఆ మొండ్లే మెట్లు. నరికి తెచ్చిన వెదురును వంటింటి వాసాలకు పొడుగునా కట్టి, నెలల తరబడి పొయ్యి పొగ పట్టిస్తే పురుగు పట్టదు, నీటికి నానదు. నరకడం మగవాళ్ల పని. పొగ పెట్టడం మా పని. తోట దాకా భుజాన మోసుకెళ్లడమూ మా పనే. చెట్టుకు ఆన్చాక, ఎక్కిన మనిషి పైన తాడుతో కట్టుకునే దాకా, కింద రాయి అడ్డం పెట్టి రెండు చేతులా మొదలు పట్టుకుని నిలబడాలి. ఒంటి వెదురు కదా, పట్టు లేకపోతే గిర్రున తిరిగి మనిషిని విసిరేస్తుంది. అలా పట్టుకునేదీ ఆడదే. పైన తాడు ముడిపడ్డాక "ఒగ్గీ" అని కేక వేస్తారు. అప్పుడు వదిలేసి, రాలిన మిరియపు గుత్తులు ఏరుకుంటాం.

ఎక్కడం మాత్రం మాకు లేదు. ఆడదాని భుజం తగలొచ్చు, చెయ్యి తగలొచ్చు, కాలు తగలకూడదు. నేల మీద పడుకోబెట్టిన నిచ్చెననైనా దాటం, చుట్టూ తిరిగి పోతాం. చిన్నపిల్ల ఆడుకుంటూ దాటబోతే రెక్క పట్టి లాగేస్తాం. అందరికన్నా ముందు లాగేది నేనే. మా ఊరి ఆడపిల్లలకు నడక వచ్చిన రోజు నుంచే ఇది వస్తుంది.

మా ఊరి పైన కాఫీ తోట ఉంది. కొన్నేళ్లుగా ఒక కంపెనీ దాన్ని చూసుకుంటోంది. కాఫీ మొక్కలకు నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచారు, ఆ చెట్లకు మిరియపు తీగలు పాకించారు. కాఫీ పళ్ల కోత చలికాలంలో, మిరియాల కోత ఆ తర్వాత. మొక్కలు కత్తిరించడం, వాటి చుట్టూ గొప్పులు తవ్వడం, నీడ కొమ్మలు కొట్టడం ఏడాదంతా ఉంటాయి. తోటలో మనుషులు మూడు రకాలు. మొదటి రకం ఆఫీసులో కూర్చునేవాళ్లు. మేనేజరుది సాలూరు, లెక్కలు రాసే ఆయనది ఇంకా కిందికి. రెండో రకం పర్మినెంటువాళ్లు. నెల జీతం, పీఎఫ్, ఆసుపత్రి కార్డు. వానకు పని ఆగినా, ఒంట్లో బాగోక పడుకున్నా జీతం పోదు. వీళ్లందరూ మా కొండ మగవాళ్లే, అందరూ నిచ్చెన ఎక్కేవాళ్లే. మా అబ్బాయికి పోయినేడు పర్మినెంటు వచ్చింది. మూడో రకం మేం. కోత ఉంటే పిలుస్తారు, లేకపోతే లేదు. మా అబ్బాయి నిచ్చెన తోటకు మోసేది, మొదలు పట్టుకునేది కోడలే. వాడు పైనుంచి కోస్తే పర్మినెంటు, ఆమె కింద పట్టుకుంటే రోజుకూలి. ఒకే చెట్టు, ఒకే నిచ్చెన, ఒకే ఇంటి మనుషులు.

ఇది మా తోటలోనే పుట్టిన వింత కాదు. పెళ్లయిన కొత్తలో మేం జట్టుగా కొండ దిగి పాచిపెంట పొలాలకు ఊడుపులకు పోయేవాళ్లం. అక్కడ కూడా బురదలో వంగి నడిచేది అంతా ఆడవాళ్లే, కిందివాళ్లూ మేమూ కలిసి. ఏడాది జీతానికి కుదిరేవాడు మాత్రం మగవాడు. అప్పట్లో ఎడ్లు తోలేవాడు, ఇప్పుడు ట్రాక్టరు తోలేవాడు. ఆ పొలం ఆసామి భార్య మంచి మనిషి, మాకు మజ్జిగ పోసేది. ఎడ్లు తోలేవాడికి నెల పూర్తవగానే జీతం పంపేది, మాకు నాట్లు అయిపోయిన రోజున కూలి ఇచ్చి పంపేసేది. అందులో ఆమెకు తేడా కనపడలేదు. నాకూ అప్పుడు కనపడలేదు. నడుం నొప్పి ఒక్కటే తెలిసింది.

అంతకు ముందు సర్కారు వాళ్లు కాఫీ వేసిన కొత్తలో నర్సరీలో పనిచేశాను. సంచుల్లో మన్ను నింపడం, విత్తు నాటడం, నీళ్లు పోయడం అన్నీ మావే. పళ్ల తోలు తీసే యంత్రం వచ్చాక దాని దగ్గర నిలబడటానికి ఒక మగవాణ్ణి పెట్టారు. అతనికి ఉద్యోగం అన్నారు. యంత్రం తిప్పడం నాకూ వచ్చు. అతను జీలుగు కల్లు తాగి పడుకున్న రోజుల్లో తిప్పింది నేనే. నన్ను పెట్టమని నేనూ అడగలేదు, అడగమని వాళ్లూ చెప్పలేదు.

చిత్రమేమిటంటే, కొండ దిగితే లెక్క మారుతుంది. సముద్రం వైపు రొయ్యల కంపెనీలు ఉన్నాయి. సంత రోజున వాళ్ల వ్యాను వస్తుంది. మా ఆడపిల్లలను ఎక్కించుకుపోయి, హాస్టల్లో ఉంచి, రొయ్యల తలలు తీయిస్తారు. పండక్కి వచ్చినప్పుడు ఆ పిల్లల మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడుతుంది. పీఎఫ్ కూడా ఉందంటారు. చల్లని నీళ్లలో చేతులు నాని తెల్లగా పాలిపోయి ఉంటాయి. మా కొండ మీద, మేం పుట్టిన చోట, మేం పెంచిన చెట్ల కింద మాకు కార్డు లేదు. ఎప్పుడూ చూడని సముద్రం ఒడ్డున మాత్రం మా పిల్లలకు కార్డు ఉంది. ఎందుకిలా అని నేను చాలా సార్లు ఆలోచించాను. ఇంట్లో పొయ్యి, పిల్లలు, ముసలివాళ్లు అందరినీ వదిలేసి వచ్చిన ఆడదాన్ని పూర్తి పనివాళ్లలో ఒకరిగా లెక్కపెడతారేమో. ఊళ్లో ఉన్నదాన్ని, ఇంటి పని మధ్యలో తీరిక చూసుకుని వచ్చినదానిగా చూస్తారేమో. నాకు తెలిసినంతలో ఇదే.

కంపెనీ వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. పోయినేడు పళ్లు తూచే కాటా దగ్గర మేనేజరు అందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పాడు. ఇకనుంచి ఆడా మగా తేడా లేదు, తోటలో అన్ని పనులూ చేసేవాళ్లు ఎవరైనా పర్మినెంటుకు రావచ్చు, వచ్చి పని చేసి చూపిస్తే చాలు అన్నాడు. అన్ని పనులూ అంటే అందులో నిచ్చెన ఉంది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన నవ్వుకు కారణం అడగలేదు, మేమూ చెప్పలేదు. ఒక్క ఆడది కూడా పేరివ్వలేదు. ఈ ఏడు మళ్లీ అదే మాట చెప్పాడు, మళ్లీ ఎవరూ ముందుకు రాలేదు. పళ్లు తూచాక నేనే దగ్గరకు వెళ్లి, ఆడవాళ్లను ఎందుకు తీసుకోవడం లేదని అడిగాను.

"మేం అడిగాం కదమ్మా" అన్నాడు ఆయన. "మీ ఆడవాళ్లకే ఇష్టం లేదు. పై ఆఫీసుకు కూడా అలాగే రాశాను."

వెటకారంగా అనలేదు. జాలిగానే అన్నాడు. ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. ఇంటికి వచ్చి ఆ సంగతి కోడలికి చెప్పింది నేనే. ఆయన ఎలా అంటాడు, మాకు ఇష్టం లేదని ఆయనకు ఎవరు చెప్పారు అని ఆ పూట కుండల మీద కోపం చూపించాను. కోడలు వింటూ కూర్చుంది. మర్నాడు వెళ్లి తన పేరు ఇచ్చి వచ్చింది. కోత మొదలయ్యే ముందు ఒక చెట్టెక్కి చూపించమని మేనేజరు రోజు చెప్పాడు.

మేనేజరు అన్న మాట మీద నాకు కోపం. ఆ మాట తప్పని చూపిస్తానన్న కోడలి మీద అంతకన్నా కోపం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయని అడిగితే నేను జవాబు చెప్పలేను. ఉన్నాయి.

ఇక కొట్లాట సంగతి. నువ్వంటేనే భయం అన్నాక నేను చేట కింద పెట్టాను. కట్టుబాటు నేను పెట్టింది కాదనీ, పెద్దలు పెట్టిందనీ చెప్పాను. రేపు చెట్టుకు తెగులు వచ్చినా, ఎవడు జారి పడినా, ఊరంతా మన ఇంటి వైపే వేలు చూపిస్తుందని చెప్పాను. ఇద్దరు పిల్లలున్నారనీ, వాళ్లను చూసుకునే ఓపిక నాలో రోజు రోజుకూ తగ్గుతోందనీ కూడా చెప్పాను. చివరిది నేను చెప్పాలనుకోలేదు, నోరు జారింది.

కోడలు దాన్నే పట్టుకుంది. వాన నెలల్లో పని లేక ఇంట్లో కూర్చుంటే పిల్లలకు ఏం పెడుతున్నామో నీకు తెలియదా అంది. మొన్న చిన్నదానికి జ్వరం వస్తే, మొగుడి కార్డు మీద ఆసుపత్రికి వెళ్లాలంటే మొగుడు తోటలోంచి దిగి వచ్చే దాకా ఆగాల్సి వచ్చింది, అది నీకు గుర్తు లేదా అంది. గుర్తుంది. ఆ గుంటపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది నేనే.

"ఇక్కడ ఎక్కనియ్యవా, ఈ సంతకే రొయ్యల వేనెక్కుతాను" అంది. "అక్కడ ఎవులూ నిచ్చెన అడగరు. పిల్లల్ని నువ్వే సూసుకో, నీ కట్టుబాటు నువ్వే సూసుకో."

అది బెదిరింపు కాదు. నాకు తెలుసు. బెదిరించేటప్పుడు దాని గొంతు పైకి లేస్తుంది, అప్పుడు లేవలేదు.

అరుగు చివర నుంచి మా అబ్బాయి మెల్లగా అన్నాడు: "మరి ఇది పైకెక్కితే, నా నిచ్చెన ఎవులు పట్టుకుంతారే?"

మేమిద్దరం ఒకేసారి వాడి వైపు తిరిగాం. వాడు కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం మా ఇద్దరికీ కుదిరింది అదొక్కటే.

"అత్తా, ఒక్కటి సెప్పు" అంది కోడలు, కొంచెం నెమ్మదించి. "పెద్దోలు, పెద్దోలు అంతావు. ఆ పెద్దోలు మిరియం సెట్టు ఎప్పుడెక్కినారు?"

చేట తీసుకుని లోపలికి పోయాను.

పొయ్యి అంటించి కూర్చున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నా పెళ్లయిన కొత్తలో మా కొండ మీద మిరియం లేదు. సిల్వర్ ఓక్ కూడా లేదు. తీగ ముక్కలు లారీలో వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తడి గోనెల్లో చుట్టి తెచ్చారు. చెట్టు మొదట్లో గొయ్యి తవ్వి వాటిని నాటింది మేమే, ఆడవాళ్లం. గెడ్డలోంచి బిందెలతో నీళ్లు మోసి పోసింది మేమే. పసి తీగ చెట్టును పట్టుకోలేక వాలిపోతుంటే నారతో కట్టి నిలబెట్టాం. అది ఎదిగిన కొద్దీ మళ్లీ పైన కట్టాం. మోకాలి ఎత్తు, నడుం ఎత్తు, తల ఎత్తు. చేతికి అందినంత వరకు అది మా పని. చేతికి అందకుండా పోయిన రోజు నుంచి మగవాళ్ల పని అయింది. ఆ రోజు ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

మరి కట్టుబాటు ఎక్కడిది? కల్లు గీసే జీలుగు చెట్టుది. మా ఇంటాయన, మా మామ, ఆయన తండ్రి, అందరూ జీలుగు ఎక్కినవాళ్లే. జీలుగు నిచ్చెన కూడా ఇదే ఒంటి వెదురు. ఆడదాని కాలు తగిలితే కల్లు విరిగిపోతుందని, చెట్టు ఎండిపోతుందని అనేవాళ్లు. నిజమో కాదో నాకు తెలియదు, ఎవరూ ఎక్కి చూడలేదు. మిరియం కోతకొచ్చిన తొలి ఏడు కంపెనీకి నిచ్చెనలు లేవు. ఇళ్లలో ఉన్న జీలుగు నిచ్చెనలే తోటకు వెళ్లాయి. వాటితో పాటు వాటి కట్టుబాటు కూడా వెళ్లింది. ఎవరూ కావాలని తీసుకెళ్లలేదు. ఇంటి దగ్గర వదిలి వెళ్లాలని ఎవరికీ తోచలేదు. మేనేజరుది సాలూరు కదా, ఆయనకు ఇదేమీ తెలియదు. కొండ ఆడవాళ్లు పైకెక్కరు, వాళ్లకు ఇష్టం లేదు అని రాసుకున్నాడు. మాకు ఇది ఎంత మామూలంటే, ఆయనకు విప్పి చెప్పాలని కూడా అనిపించలేదు.

ఇంత ఆలోచించానని నేను మారిపోయానని కాదు. జీలుగు కట్టుబాటును మిరియానికి తగిలించడం తప్పే అయినా, పైనుంచి పడితే నడుం విరగడం మాత్రం తప్పదు. ఆ భయం ఏ చెట్టుకైనా ఒకటే.

అన్నం ఉడుకుతుండగా బయటకు వచ్చాను. మా అబ్బాయి నిచ్చెన చూరు కింద పడుకోబెట్టి ఉంది. మొదటి నుంచి కొస దాకా ఒక్కొక్క మొండినీ పట్టుకుని ఊపి చూశాను. నేను పొగ పట్టించిన వెదురే, అయినా వాడకంలో ఏది వదులవుతుందో చూడాలి కదా. అన్నీ గట్టిగానే ఉన్నాయి, నడిమిది తప్ప. అది చేతికి కొంచెం కదిలింది. బాగా నల్లబడి ఉండటం వల్ల చీలిక కంటికి తెలియడం లేదు. మా అబ్బాయి కాలు పొడుగు. వాడు ఆ మొండిని దాటి పై దాని మీదే కాలు వేస్తాడు కాబట్టి వాడికి ఎప్పుడూ తెలిసి ఉండదు. కోడలు పొట్టిది. దాని కాలు సరిగ్గా దాని మీదే పడుతుంది.

కొత్త వెదురు నరికితే పొగ పట్టడానికి నెలలు కావాలి. ఒక్క మొండి కోసం మంచి నిచ్చెన పారేసే మనిషిని కాను. కొడవలి తెచ్చి ఆ మొండిని వెదురుతో సమంగా చెక్కేశాను. లేని మెట్టు మీద ఎవరూ కాలు పెట్టరు. ఊగే మెట్టు మీద నమ్మి పెడతారు. చెక్కిన చోట మసి రాయబోయి, ఆగాను. తెల్లగా ఉంటేనే దానికి పైనుంచి కనపడుతుంది.

తల ఎత్తితే కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. లోపలికి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టింది. ఆ పూట ఇంట్లో అందరూ ఉప్పు తక్కువైందని తెలిసీ ఊరుకున్నారు.

మర్నాడు మంచు విడవక ముందే లేచాను. కోడలు అప్పటికే తయారై ఉంది. చీర కింద మా అబ్బాయి పాత ప్యాంటు వేసుకుని, కాలి దగ్గర మడిచి, కొంగు నడుముకు బిగించింది. మా అబ్బాయి పసుపు నలిపి తెచ్చి నిచ్చెన మొదలుకు రాశాడు. ఏటా మిరియం మొదలుపెట్టే రోజు మగవాళ్లు చేసే పని అది. ఆ పని చేసి వాడు మా ఇద్దరికన్నా ముందు తోటకు వెళ్లిపోయాడు. కోడలు నిచ్చెన ముందు కొస భుజాన వేసుకుంది. వెనక కొస నేను ఎత్తుకున్నాను. అది వెనక్కి తిరిగి చూడలేదు. నేను నడిచాను.

గెడ్డ దాటాక అన్నాను: "నడిమి మొండి లేదు. అక్కడ కాలు సాపి ఎయ్యాల."

"సూసినాను" అంది.

తోటలో మేనేజరు, పర్మినెంటు మగవాళ్లు, పని మానుకుని చూడటానికి వచ్చిన ఆడవాళ్లు అందరూ ఉన్నారు. నిచ్చెన ఎక్కే నా ఈడు మనిషి ఒకడు నన్ను చూసి, "ఏటి వదినా, నువ్వూ పర్మినెంటుకేనా?" అన్నాడు. "నువ్వు దిగు, నానెక్కుతాను" అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. మగవాళ్లందరినీ అవతలి సాలుకు పొమ్మన్నాను. చెట్టు కింద నిలబడి పైకి చూడటానికి ఇది సినిమా కాదు అన్నాను. వెళ్లారు. మేనేజరు కూడా వాళ్లతో కదలబోతే, మీరు ఉండండి, చూడాల్సింది మీరే కదా అన్నాను. ఆయన కాఫీ మొక్కల దగ్గరే, కొంచెం దూరంగా ఆగిపోయాడు.

చెట్టుకు నిచ్చెన ఆన్చి, రాయి అడ్డం పెట్టి, రెండు చేతులా మొదలు పట్టుకున్నాను. కోడలు కాలు పెట్టింది. మొదటిసారి ఆ వెదురులోంచి ఆడదాని బరువు నా అరచేతుల్లోకి దిగింది. మా అబ్బాయి బరువు నాకు తెలుసు, మా ఇంటాయన బరువు తెలుసు. ఇది తేలిక, కానీ వణుకు ఎక్కువ. నడిమి మొండి ఉండాల్సిన చోట ఆగింది. తెల్ల మచ్చ మీదికి వంగి చూసి, కాలు చాపి పై దాని మీద వేసింది. నిచ్చెన ఒక పక్కకు లాగింది. నేను నడుం వంచి పట్టు బిగించాను. తర్వాత ఆగకుండా ఎక్కింది. పైన తాడు చుట్టిన చప్పుడు వినిపించింది.

"ఒగ్గీ అత్తా" అంది.

నేను వదల్లేదు.

"ముడి పడిపోనాది. ఒగ్గీ."

"నీ పని నువ్వు సూసుకో. బేగి కోసి దిగు."

మిరియపు గుత్తులు నా తల మీద, భుజాల మీద రాలుతూనే ఉన్నాయి. గోతాం నింపుకుని, తాడు విప్పుకుని, తెల్ల మచ్చ దగ్గర ఈసారి ఆగకుండా దిగి వచ్చింది. మోచేయి ఒకచోట గీసుకుంది. మేనేజరు వచ్చి గోతాంలోకి చూశాడు, పండినవే కోసిందో లేదో నాలుగు గుత్తులు తీసి చూశాడు. సరే, కోత మొదలైన రోజు నుంచి పర్మినెంటువాళ్లతో రమ్మని, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తెమ్మని చెప్పాడు. కోడలు తల ఊపింది.

నేను నిచ్చెన వదిలి కొంగుతో చేతులు తుడుచుకున్నాను. మరి మొదలు పట్టుకున్నదాని సంగతి ఏమిటని అడిగాను. ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, అలాంటి పోస్టు కంపెనీలో లేదన్నాడు.

"అది సాయం కదమ్మా" అన్నాడు.

"సాయం ఇంట్లో సేత్తాను బాబూ. ఇది తోట."

ఆయన పై ఆఫీసును అడిగి చెబుతానన్నాడు. అడగండి, ఈసారి మాకు ఇష్టం లేదని మాత్రం రాయకండి అన్నాను. అప్పటిదాకా పట్టుకునేవాళ్లను కూడా రోజుకూలిలో విడిగా రాస్తానని ఒప్పుకున్నాడు. పర్మినెంటు సంగతి తేలలేదు.

వచ్చేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు దారికి అడ్డం వచ్చి, మా మొదలు కూడా పట్టుకుంటావా పిన్నీ అని అడిగారు. కూలి రాయించుకునే వస్తాను, ఉత్తినే రాను అని చెప్పాను. ముందు మీ నిచ్చెనలు తెచ్చి నాకు చూపించండి అన్నాను.

నిచ్చెన చూరు కింద పెట్టాక కోడలు వంటింటి గడప దగ్గర ఆగింది. లోపలికి రాలేదు. నా వైపు చూసింది.

"కాళ్లు కడుక్కుని రా" అన్నాను.

గోలెంలో నీళ్లు ముంచి కాళ్లు కడుక్కుంది. లోపలికి వెళ్లి, పొయ్యి రాజేసి, అంబలి వేడి చేసింది. ముందు నాకు పోసింది, తర్వాత తను తాగింది.